బ్యాటిల్‌ఫోర్డ్ ఠాణా: దడి లోపలి కథ, దడి బయటి కథ

వార్షికోత్సవ సంచిక అనగానే హాస్టల్ జ్ఞాపకాలో, కవితలో, వార్డెన్ గారి మీద సరదా వ్యాసమో రాయడం మనకు ఆనవాయితీ. ఈసారి మేము ఒక పోలీసు ఠాణా గురించి రాస్తున్నాం. అదీ మన దేశంలోది కాదు, ఎక్కడో కెనడాలోది. నవ్వకండి. ఆ ఠాణా కథలో ఒక రేషన్ గిడ్డంగి ఉంది. పిల్లల్ని ఇళ్ల నుంచి తెచ్చి ఉంచిన ఒక బడి ఉంది. ఊరు దాటాలంటే చూపించాల్సిన చీటీ ఉంది. ఎం.ఏ. చరిత్ర పాఠాల కోసం చదువుతున్నప్పుడు ఇవన్నీ మాకు బాగా తెలిసినవాళ్ల ఇంటి సంగతుల్లా అనిపించాయి. అందుకే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చెప్పాలనిపించింది.

కెనడా పడమటి భాగంలో సస్కాచ్వాన్ అనే రాష్ట్రం ఉంది. దాని దక్షిణ భాగమంతా గడ్డిభూములు, ఆపైన గోధుమ పొలాలు. అక్కడ బ్యాటిల్ నది వచ్చి ఉత్తర సస్కాచ్వాన్ నదిలో కలిసే చోట మిట్ట మీద 1876లో ప్రభుత్వం ఒక పోలీసు ఠాణా కట్టింది. దాని పేరు ఫోర్ట్ బ్యాటిల్‌ఫోర్డ్. కోట అన్నారు గానీ మన గోల్కొండలాగా రాతికోట కాదు. నిలువుగా పాతిన దుంగల దడి, లోపల కర్ర ఇళ్లు, అంతే. నార్త్-వెస్ట్ మౌంటెడ్ పోలీసు అనే గుర్రపు పోలీసు దళం అందులో ఉండేది. ఎర్రకోటు వేసుకుని గుర్రమెక్కిన కెనడా పోలీసు బొమ్మను మీరు ఏ క్యాలెండర్ మీదో చూసే ఉంటారు. ఆ దళమే ఇది. 1873లో పుట్టింది.

1924లో పోలీసులు ఆ ఠాణా ఖాళీ చేశారు. అంతకు ముందు ఏడాది, 1923లోనే, దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. స్థానికులు పట్టుబట్టి కట్టడాలను కాపాడుకున్నారు. 1945లో మౌంటెడ్ పోలీసు స్మారకంగా, ఇండియన్ మ్యూజియంగా తలుపులు తెరిచారు. ఇక్కడ ఇండియన్ అంటే మనం కాదు, అక్కడి ఆదివాసులు. కొలంబస్ చేసిన పొరపాటు ఇంకా బోర్డుల మీద నడుస్తూనే ఉంది. 1951లో కేంద్ర ప్రభుత్వం ఆ స్థలాన్ని తన చేతికి తీసుకుంది. కమాండింగ్ ఆఫీసరు ఇల్లు, ఆఫీసర్ల క్వార్టర్లు, గార్డు గది, ఆఖరికి జబ్బుపడిన గుర్రాలను ఉంచే శాల కూడా జాగ్రత్తగా నిలబెట్టారు. చాలా దశాబ్దాలపాటు ఆ స్మారకం చెప్పిన కథ ఒక్కటే: 1885లో తిరుగుబాటు వచ్చినప్పుడు చుట్టుపక్కల సెటిలర్లు, అంటే వచ్చి స్థిరపడినవాళ్లు, పెళ్లాం పిల్లలతో ఈ దడి లోపల తలదాచుకుని ప్రాణాలు దక్కించుకున్నారు అని.

ఇందులో అబద్ధం లేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఆ కథ నిజమే గానీ దడి లోపలికి మాత్రమే నిజం. బయట నిలబడ్డవాళ్లు ఎవరు, ఎందుకు వచ్చారు అన్నది చూడకపోతే సగం తెలిసి మొత్తం తెలిసినట్టే ఉంటుంది.

సెటిలర్ అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. మన తెలంగాణలో సెటిలర్ అంటే నిజాంసాగర్ కాలువ కింద భూమి కొనుక్కుని వచ్చిన కోస్తా రైతు గుర్తుకొస్తాడు. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో సెటిల్‌మెంట్ అంటే మరో అర్థం. అక్కడ సెటిలైనవాళ్లు తమ ఇష్టంతో కాలేదు, ఎరుకలవాళ్లను పోలీసు కాపలా కింద తెచ్చి కూర్చోబెట్టారు. కెనడాలో ఈ మాటకు మూడో అర్థం. 1870కి ముందు ఆ గడ్డిభూములన్నీ హడ్సన్ బే కంపెనీ అనే బొచ్చుతోళ్ల వ్యాపార కంపెనీ పేరు మీద ఉండేవి. మన ఈస్టిండియా కంపెనీకి తమ్ముడి వరస. ఆ కంపెనీ 3 లక్షల పౌన్లు తీసుకుని భూమి హక్కులు కెనడాకు అప్పగించింది. అక్కడ తరతరాలుగా బతుకుతున్న క్రీ, అసినిబోయిన్, బ్లాక్‌ఫుట్ జనాలను గానీ, ఆదివాసులకూ ఫ్రెంచివాళ్లకూ పుట్టిన మేటీలను గానీ ఎవరూ అడగలేదు. 1872లో ఒక చట్టం చేసి, 10 డాలర్ల ఫీజు కట్టి సేద్యం చేసేవాడికి 160 ఎకరాలు ఇస్తామన్నారు. ఆ 160 ఎకరాల కోసం సముద్రాలు దాటి వచ్చినవాళ్లే అక్కడి సెటిలర్లు. వాళ్లలో చాలామంది తమ దేశంలో సెంటు భూమి లేని పేదలేనని కూడా చెప్పుకోవాలి.

భూమి పంచాలంటే ముందు అక్కడున్నవాళ్లతో ఒప్పందం కావాలి. 1876లో క్రీ నాయకులతో ఆరో ఒప్పందం కుదిరింది. ఆ చర్చల్లో ఆదివాసులు అమాయకంగా వేలిముద్ర వేసి పోలేదు, గట్టిగా బేరమాడారు. అయిదుగురున్న కుటుంబానికి ఒక చదరపు మైలు చొప్పున రిజర్వు భూమి, మనిషికి ఏటా 5 డాలర్లు, వ్యవసాయానికి పనిముట్లు, పశువులు రాయించుకున్నారు. వాళ్లు పట్టుబట్టి చేర్పించిన రెండు షరతులు చాలా ముఖ్యమైనవి. ఒకటి, ఏజెంటు ఇంట్లో మందుల పెట్టె ఉంచాలి. రెండోది, అంటురోగం వచ్చినా కరువొచ్చినా రాణిగారి ప్రభుత్వం ఆదుకోవాలి. అంటే ఆకలి వేళ తిండి అన్నది ప్రభుత్వం చేసే దానం కాదు, భూమికి బదులుగా రాసిచ్చిన బాకీ. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం.

(ఆ రాణి మన విక్టోరియా రాణే. ఆ ఒప్పందం జరిగిన 1876లోనే మన రాయలసీమలో ధాత కరువు మొదలైంది. కరువు పనుల్లో కూలికి రోజుకు పౌను ధాన్యం చాలునని లెక్కగట్టిన రిచర్డ్ టెంపుల్ దొర పేరు మీరు పాఠాల్లో చదివే ఉంటారు.)

అడవిదున్నల మీద బతికే జనం వాళ్లు. మాంసం తిండికి, తోలు గుడారానికి, ఎముక పనిముట్టుకు. లక్షల్లో తిరిగే ఆ దున్నల మందలు తోళ్ల వ్యాపారం కోసం సాగిన వేటలో తరిగిపోయి 1879 నాటికి కెనడా గడ్డిభూముల్లో దాదాపు కనపడకుండా పోయాయి. ఒప్పందంలో రాసుకున్న కరువు మూడేళ్లకే వచ్చిపడింది. అప్పుడు ప్రభుత్వం ఏం చేసింది? తిండి పెట్టలేదని కాదు, పెట్టింది. కానీ పని చేస్తేనే రేషన్ అన్నది. రిజర్వు దాటి పోకపోతేనే రేషన్ అన్నది. మాట వినని నాయకుడి జనానికి రేషన్ ఆపింది. ఖర్చు తగ్గించాలని ఒట్టావా నుంచి ఉత్తర్వు వచ్చినప్పుడల్లా పిండిలో, పంది మాంసంలో కోత పడింది. గిడ్డంగిలో సరుకు ఉండగానే బయట మనుషులు చిక్కి శల్యమయ్యారు. ఆ చలిదేశంలో గుర్రాలను కోసుకు తిన్నారు, క్షయతో రాలిపోయారు.

మెస్ తెలిసినవాళ్లకు దీని సంగతి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బియ్యం ఉన్నాయి, స్టోరు తాళం చెవి మాత్రం ఊళ్లో లేదు అన్న రోజు ఎలా ఉంటుందో మనకు తెలుసు. అక్కడ ఆ రోజు అయిదేళ్లు సాగింది.

ఇక 1885. మార్చి 26న డక్ లేక్ అనే చోట లూయీ రియెల్ నాయకత్వంలోని మేటీలకూ పోలీసులకూ మధ్య కాల్పులు జరిగాయి. పోలీసు పక్షం ఓడింది. ఆ వార్త బ్యాటిల్‌ఫోర్డుకు చేరేసరికి ఊరంతా గగ్గోలు. సరిగ్గా అదే సమయంలో పౌండ్‌మేకర్ అనే క్రీ నాయకుడు తన జనంతో ఊరివైపు వస్తున్నాడని తెలిసింది. దగ్గర్లోని రిజర్వులలో అసినిబోయిన్ యువకుల చేతిలో ఒక వ్యవసాయ బోధకుడు, ఒక పశువుల రైతు హతమైన సంగతీ వచ్చింది. సెటిలర్లు ఇళ్లకు తాళాలు కూడా వేయకుండా పరుగున ఠాణా చేరారు. దాదాపు 500 మంది ఆ దుంగల దడి లోపల ఇరుక్కుని నెల రోజులకు దగ్గరగా గడిపారు. పసిపిల్లలు, బాలింతలు, ముసలివాళ్లు. ఏప్రిల్ 24న కర్నల్ ఆటర్ సైన్యంతో వచ్చేదాకా రాత్రిళ్లు ఎవరికీ కంటి మీద కునుకు లేదు. వాళ్ల భయం నటన కాదు. తెల్లారితే ఏమవుతుందో తెలియని తల్లి ఏ దేశంలోనైనా తల్లే. ఆ కర్ర ఇళ్లను చూసి వాళ్ల మనవలు, మునిమనవలు కన్నీరు పెట్టుకుంటే మేము తప్పు పట్టం.

కానీ దడి బయట ఏం జరిగింది? పౌండ్‌మేకర్ మార్చి 30న వచ్చాడు. ఆడవాళ్లనూ పిల్లలనూ వెంటబెట్టుకుని వచ్చాడు. యుద్ధానికి పోయేవాడు పిల్లలతో రాడు. ఇండియన్ ఏజెంటుతో మాట్లాడాలి, తాము ఒప్పందానికి కట్టుబడే ఉన్నామని చెప్పాలి, ఆకలితో ఉన్న జనానికి రేషన్ అడగాలి, ఇదీ ఆయన పని. ఏజెంటుకు కబురు పంపాడు. ఏజెంటు దడి దాటి బయటకు రాలేదు. హడ్సన్ బే కంపెనీ మనిషి ఒకాయన మాత్రం ధైర్యం చేసి వెళ్లి మాట్లాడాడు, కొంత తిండీ ఇప్పించాడు. రాత్రి గడిచేలోగా ఖాళీ ఇళ్లూ దుకాణాలూ లూటీ అయ్యాయి. ఆకలిగొన్నవాళ్లు పిండి బస్తాలు ఎత్తుకుపోయారు. లూటీలో ఎవరి చెయ్యెంత అన్న దాని మీద చరిత్రకారుల్లో ఇప్పటికీ వాదం ఉంది. ఆదివాసులు మర్నాడే తమ రిజర్వుకు తిరిగిపోయారు. అయినా పుస్తకాల్లో మాత్రం ఇది బ్యాటిల్‌ఫోర్డ్ ముట్టడి అయ్యి కూర్చుంది. చుట్టుముట్టినవాళ్లు లేని ముట్టడి! లోపలున్నవాళ్లు ముట్టడిలో ఉన్నామనే అనుకున్నారు, బయటివాళ్లు ముట్టడించామని అనుకోలేదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చునన్నది చరిత్ర చదవడం మొదలుపెట్టాక మేము నేర్చుకున్న మొదటి పాఠం.

తర్వాతి సంగతులు త్వరగా చెబుతాం. ఏప్రిల్ 2న ఫ్రాగ్ లేక్ అనే చోట మిస్తహిమస్క్వా, అంటే పెద్ద ఎలుగు, అనే నాయకుడి దళంలోని యోధులు ఏజెంటుతో సహా తొమ్మిది మందిని చంపారు. రేషన్ ఇవ్వని ఏజెంటు మీద కసి అది. పెద్ద ఎలుగు వద్దు వద్దని అరిచినా ఆగలేదు. చనిపోయినవాళ్లలో ఇద్దరు క్రైస్తవ ఫాదరీలు కూడా ఉన్నారు. ఆ హత్యలను మేము సమర్థించడం లేదు. మే 2న కర్నల్ ఆటర్, పౌండ్‌మేకర్‌కు బుద్ధి చెబుదామని కట్ నైఫ్ కొండ దగ్గర నిద్రపోతున్న గుడారాల మీద తెల్లవారుజామున ఫిరంగులతో పడ్డాడు. ఆదివాసులు ఎదురు తిరిగేసరికి కొన్ని గంటల్లోనే వెనుదిరగాల్సి వచ్చింది. ఇరుకు దారిలో వెళ్లిపోతున్న సైన్యాన్ని వెంటాడి ఉంటే పెద్ద ఊచకోత జరిగేది. వెంటాడవద్దని యోధులను ఆపింది పౌండ్‌మేకర్. ఆయనకు దక్కిన ఫలం రాజద్రోహ నేరం కింద మూడేళ్ల జైలు. ఏడు నెలలకే జబ్బుమనిషిగా విడుదలై, 1886 జులై 4న కన్నుమూశాడు.

1885 నవంబరు 27న ఫోర్ట్ బ్యాటిల్‌ఫోర్డ్ లోపల, సెటిలర్లు తలదాచుకున్న ఆ ఆవరణలోనే, ఒక పెద్ద ఉరికంబం కట్టారు. ఎనిమిది మంది ఆదివాసులను ఒకేసారి ఉరితీశారు. కెనడా దేశం ఏర్పడిన తర్వాత ఇంతమందిని ఒకేసారి ఉరితీయడం మరెప్పుడూ జరగలేదు. విచారణలో వాళ్ల తరపున వాదించే వకీలు లేడు. తీర్పు చెప్పిన జడ్జి రూలో గారి ఇల్లే ఆ గొడవల్లో తగలబడింది. ఇల్లు కాలిన మనిషి ఆ కేసు విచారించవచ్చునా అని మన లా చదివే మిత్రులను అడుగుతున్నాం. ఉరికి వారం రోజుల ముందు ప్రధాని జాన్ మెక్‌డొనాల్డ్ ఒక ఉత్తరం రాస్తూ, ఈ మరణశిక్షలతో ఇక్కడ పాలించేది తెల్లవాడేనని ఎర్రమనిషికి తెలిసి రావాలి అన్న అర్థం వచ్చేలా రాశాడు. చూడడానికి ఆదివాసులను రప్పించారు. దగ్గర్లోని ఇండస్ట్రియల్ స్కూలు పిల్లలను కూడా తీసుకొచ్చి నిలబెట్టారని ఆ జనం తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఎనిమిది శవాలనూ దడి బయట, నదివైపు పల్లంలో, ఒకే గోతిలో పూడ్చారు.

ఆ ఇండస్ట్రియల్ స్కూలు గురించి రాయకుండా ముందుకు పోలేకపోతున్నాం. బ్యాటిల్‌ఫోర్డులో 1883లో తెరిచారు. పేరుకు బడి, నిజానికి హాస్టలు. రిజర్వుల నుంచి ఆదివాసీ పిల్లలను తెచ్చి అక్కడే ఉంచి ఇంగ్లీషు, బైబిలు, వడ్రంగం, కమ్మరం, కుట్టుపని నేర్పేవాళ్లు. జుట్టు కత్తిరించేవాళ్లు. పేరు మార్చేవాళ్లు. క్రీ మాట్లాడితే శిక్ష. ఆ బడి 1914లో మూతపడింది. 1974లో విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆ బడి శ్మశానంలో తవ్వకాలు జరిపితే 70కి పైగా సమాధులు బయటపడ్డాయి. అలాంటి బళ్లు దేశమంతటా వందకు పైగా నడిచాయి. వాటి కోసం కెనడా పార్లమెంటులో ప్రధాని క్షమాపణ చెప్పింది 2008 జూన్ 11న.

హాస్టలు అన్న మాట మనకు అన్నం పెట్టిన మాట. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి హాస్టల్ ట్రంకు పెట్టె మోసుకుంటూనే వచ్చాడు. ఇక్కడ ఎవరూ మన తెలుగు మాట్లాడొద్దనలేదు. యాస చూసి నవ్వినవాళ్లు ఉంటే ఉండవచ్చు. సంక్రాంతికో, దసరాకో బస్సెక్కి ఇంటికి పోయేవాళ్లం. పిండివంటల డబ్బాతో తిరిగి వచ్చేవాళ్లం. అమ్మానాన్నలు ఆదివారం వచ్చి చెట్టు కింద కూర్చుని మాట్లాడి పోయేవాళ్లు. అందుకని ఆ బడీ మన హాస్టలూ ఒకటే అనడం తప్పు, మేము అనం. కానీ ఒకే రకం కట్టడం, ఒకే రకం వరస మంచాలు, ఒకే రకం గంట, ఒక చోట మనిషిని నిలబెట్టాయి, మరో చోట మనిషిని మట్టిలో కలిపాయి. తేడా గోడల్లో లేదు. పిల్లవాడిని ఎందుకు తెచ్చారన్న దానిలో, వాడి ఇంటికి వాడిని తిరిగి పోనిచ్చారా లేదా అన్న దానిలో ఉంది.

తిరుగుబాటు అణిగాక ఇంకో ఏర్పాటు వచ్చింది. రిజర్వు దాటి బయటకు పోవాలంటే ఆదివాసి ఏజెంటు దగ్గర చీటీ రాయించుకోవాలి. ఎందుకు పోతున్నాడో, ఎన్ని రోజులో అందులో ఉంటుంది. చీటీ లేకుండా కనబడితే పోలీసులు వెనక్కి పంపుతారు. దీనికి ఏ చట్టమూ లేదు, వట్టి ఆఫీసు పద్ధతి. అయినా కొన్ని దశాబ్దాలు నడిచింది. ఇది చదివినప్పుడు స్టువర్టుపురం మిత్రుడు ఒకడు, మా తాత కూడా చీటీ పట్టుకునే చుట్టాలింటికి పోయేవాడు అన్నాడు. మన దగ్గర దానికి చట్టమే ఉండేది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేశారు, 1952లో రద్దయింది. పేరు నమోదు, హాజరు, ఊరు దాటితే అనుమతి. వేల మైళ్ల దూరంలోని రెండు దేశాల కాగితాలు ఒకే గుమాస్తా రాసినట్టుగా ఉంటాయి.

ఇంతకీ ఆ ఠాణా ఇప్పుడు ఎలా ఉంది? ఇప్పుడూ స్మారకమే. అయితే కథ మెల్లగా మారింది. ఆదివాసీ పెద్దలు, వాళ్ల విశ్వవిద్యాలయాల్లో చదివిన వాళ్ల పిల్లలు ప్రశ్నలు అడిగారు. దడి లోపలి 500 మంది సంగతి చెప్పారు సరే, పల్లంలో ఉన్న ఆ ఎనిమిది మంది ఎవరు అని అడిగారు. ఇప్పుడు ఆ గోతి మీద పేర్లు చెక్కిన సమాధి రాయి ఉంది. వాళ్లలో మొదటి పేరు కాపాపమాచక్వేవ్. తెల్లవాళ్ల కాగితాల్లో ఆయన పేరు తిరుగాడే ఆత్మ. పౌండ్‌మేకర్ అస్థికలను 1967లో ఆయన జనం తమ రిజర్వులోని కట్ నైఫ్ కొండ మీదికి తెచ్చుకున్నారు. 2019 మే 23న ప్రధాని జస్టిన్ ట్రూడో ఆ రిజర్వుకే వెళ్లి, పౌండ్‌మేకర్ రాజద్రోహి కాడు, ఆ శిక్ష అన్యాయం అని ప్రకటించి క్షమాపణ చెప్పాడు. అంటే ఆ మాట రావడానికి 134 ఏళ్లు పట్టింది. అన్నట్టు, ఒప్పందంలో రాసిన ఆ మనిషికి 5 డాలర్లు ఇప్పటికీ ఏటా ఇస్తున్నారు. పెంచలేదు, తగ్గించలేదు. చాలా చోట్ల ఎర్రకోటు పోలీసు పక్కన నిలబడి ఉండగానే చేతిలో పెడతారు. 5 డాలర్లకు అక్కడ ఒక పూట భోజనం కూడా రాదు. అయినా చాలామంది వరసలో నిలబడి తీసుకుంటారు, ఒప్పందం ఇంకా బతికే ఉందని గుర్తు చేయడానికి.

మనకూ ఇలాంటి ఠాణా ఒకటి ఉంది, కథ మాత్రం తిరగేసి ఉంది. మన్యంలో చింతపల్లి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు మీద ఆంక్షలు పెట్టింది. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించిన బాస్టియన్ అనే తహసీల్దారు గిరిజనులతో చాకిరీ చేయించుకుని కూలి ఎగ్గొట్టాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొర, వాళ్ల వెంట మన్యం వీరులు చింతపల్లి ఠాణా మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. తర్వాతి రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. సరిగ్గా నూరేళ్లకు, 2022 జులై 4న భీమవరం సభ సందర్భంగా, ఆ చింతపల్లి ఠాణాను పునరుద్ధరించి స్మారకం చేస్తామని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. బ్యాటిల్‌ఫోర్డులో లోపలున్నవాళ్ల కోసం ఠాణాను నిలబెట్టారు. ఇక్కడ బయటి నుంచి వచ్చి పడినవాళ్ల కోసం నిలబెడతామంటున్నారు. మాకు ఇది నచ్చింది.

నచ్చింది గనుకే ఒక మాట. చింతపల్లి బోర్డు మీద సీతారామరాజు పేరు తప్పకుండా ఉంటుంది, ఉండాలి కూడా. గంటందొర పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటుంది? ఉరిశిక్ష పడి, అది ద్వీపాంతరంగా మారి, అండమాన్ పోయి తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచిన మల్లుదొర సంగతి ఎన్ని వాక్యాల్లో రాస్తారు? కూలి అందని ఆ రోడ్డు మీదుగానే చూసేవాళ్ల బస్సులు వస్తాయి గదా, ఆ సంగతి ఎక్కడైనా ఒక పలక మీద ఉంటుందా? చింతపల్లి, పాడేరు వైపు నుంచి వచ్చి చదువుకుంటున్న తమ్ముళ్లు సెలవులకు వెళ్లినప్పుడు మీ ఇళ్లల్లో పెద్దవాళ్లను ఆ రోడ్డు గురించి అడగండి. ఎవరి తాత మట్టి మోశాడో, ఎంత కూలి బాకీ అనుకునేవాళ్లో చెప్పినంత రాసుకు రండి. వచ్చే సంచికలో వేద్దాం.